ముప్పైరెండు తీగలు ఎందుకు ఓడిపోయాయి?

"మా మదర్‌బోర్డులో ఉన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ జెన్ 3 స్లాట్. జెన్ 4 గ్రాఫిక్స్ కార్డు కొంటే పనిచేస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. నిక్షేపంగా పనిచేస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటే మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారి, జెన్ అంటే దాని తరం. ఏ తరం కార్డయినా మొదట సెకనుకు 250 కోట్ల బిట్ల వేగంతోనే స్లాటుతో మాట కలుపుతుంది. ఆ తర్వాత రెండూ తట్టుకోగల వేగానికి వెళ్తుంది.

నన్ను ఆకట్టుకునే విషయం వేరే ఉంది. ప్యారలల్ (చాలా తీగల మీద ఒకేసారి) అంటే వేగం, సీరియల్ (ఒకదాని వెంట ఒకటి) అంటే నిదానం అని పిల్లల చేత బట్టీ పట్టిస్తుంటాం. గ్రాఫిక్స్ స్లాట్ల కథ అందుకు పూర్తిగా విరుద్ధం. 1992 నాటి పీసీఐ 32 తీగల మీద 32 బిట్లు ఒకేసారి పంపేది. సెకనుకు 133 మెగాబైట్లు, అదీ సౌండ్ కార్డు వగైరాలతో పంచుకుంటూ. 1997లో మార్కెట్లోకి వచ్చిన ఏజీపీ గ్రాఫిక్స్‌కు సొంత దారి ఇచ్చింది. దాని 8ఎక్స్ వెర్షన్ నాటికి సెకనుకు 2.1 గిగాబైట్లకు చేరి, అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే, మడిలో వరుసగా నాట్లేసేవాళ్లలో ఒక్కరు వెనకబడినా వరుసంతా ఆగాలి. తీగలదీ అదే పరిస్థితి. 8ఎక్స్‌లో ఒక్కో బిట్‌కు దక్కే సమయం రెండు నానోసెకన్ల లోపే. ఒక తీగ కాస్త పొడవైతే దాని బిట్ ఆలస్యమై, లెక్క తప్పుతుంది. పాత మదర్‌బోర్డును వెలుతురులో పట్టుకుని చూడండి, కొన్ని రాగి గీతలు పాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి. పొట్టి గీతను పొడవు గీతతో సమానం చేయడానికే ఆ మెలికలు.

2003లో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ వరుసగా నడవాలనే నియమాన్నే తీసేసింది. ప్రతి లేన్‌లో పంపడానికి ఒక తీగల జత, అందుకోవడానికి ఇంకో జత. ఏ లేన్ బిట్లు ఆ లేన్‌లో ఒకదాని వెంట ఒకటి, అంటే సీరియల్‌గా, వస్తాయి, చివర్లో చిప్ వాటిని సర్దుకుంటుంది. బిట్లతో పాటు నడుస్తూ లయ చెప్పే క్లాక్ తీగ కూడా లేదు. సున్నా ఒకటిగా, ఒకటి సున్నాగా మారే క్షణాలను బట్టే అవతలి చిప్ లయ పట్టుకుంటుంది. మరి వరుసగా అన్నీ సున్నాలే వస్తే? లయ తప్పుతుంది. అందుకే ప్రతి 8 బిట్లనూ మార్పులు తగినన్ని ఉండేలా 10 బిట్లుగా మార్చి పంపేవారు. ఐదో వంతు వేగం దానికే పోయేది.

జెన్ 2లో లేన్‌కు సెకనుకు 500 కోట్ల బిట్లు. జెన్ 3లో 1000 కోట్లు కాదు, 800 కోట్లే. అయినా అసలు డేటా దాదాపు రెట్టింపైంది! బిట్లను ఒక సూత్రం ప్రకారం కలగాపులగం చేసి, 128 బిట్లకు రెండే అదనంగా చేర్చారు. వృథా 1.5 శాతానికి పడిపోయింది. ఇంత అందమైన ఇంజినీరింగ్ అరుదు.

జెన్ నంబరు పెద్దదైతే చాలు గేమ్ పరుగెడుతుందన్న నమ్మకం మాత్రం మూఢనమ్మకమే. లేన్లు ఎన్నో చూడాలి. 2022లో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జెన్ 4 కార్డే, కానీ దానికి ఉన్నవి నాలుగే లేన్లు. జెన్ 3 స్లాటులో పెడితే దాని దారి సెకనుకు 4 గిగాబైట్లకు తగ్గుతుంది, అంటే మొదటి తరం 16 లేన్ల స్లాటుకు సమానం. కార్డులోని 4 జీబీ మెమరీ నిండి, గేమ్ ఆ దారి మీద ఆధారపడగానే ఫ్రేములు పడిపోతాయి.