‘ఇప్పుడైతే ఏం లేదు మేడమ్, మొన్న వచ్చింది’: వచ్చిపోయే బాధలపై అపోహలు - వాస్తవాలు

మలక్‌పేటలో నా ఓపీ సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. జ్వరంతోనో దెబ్బ తగిలో వచ్చినవాళ్లు దర్జాగా కూర్చుని చెప్పుకుంటారు. ఒక రకం పేషెంట్లు మాత్రం కుర్చీ అంచున కూర్చుని, తప్పు చేసి దొరికిపోయినట్టు మొదలుపెడతారు: "ఇప్పుడైతే ఏం లేదు మేడమ్, మొన్న వచ్చింది." ఒకసారి గుండె దడ, ఒకసారి కళ్లు తిరగడం, రెండు రోజులు ఒళ్లు లాగుడు, ఆ తర్వాత వారం పాటు శుభ్రంగా ఉంటారు. పక్కనున్న భర్తో కొడుకో "ఊరికే గాబరా పడతది మేడమ్" అని అందుకుంటాడు. పద్దెనిమిదేళ్లుగా జనరల్ మెడిసిన్‌లో ఉన్నాను. ఈ పేషెంట్ల గురించే కాదు, వాళ్లింట్లోవాళ్ల గురించి, మా డాక్టర్ల గురించి కూడా కొన్ని చెప్పాలి.

అపోహ: దానంతటదే తగ్గిపోతోందంటే పెద్ద జబ్బు కాదు.

వాస్తవం: వచ్చిపోవడమే గుర్తుగా ఉన్న జబ్బులు చాలా ఉన్నాయి. అందులో ఒకదాని గుట్టు బయటపడింది మన ఊళ్లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లో. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ ఒక పద్ధతిలో పడిందంటే 48 గంటలకోసారి చలిజ్వరం తెస్తుంది. మధ్యరోజు మనిషి డ్యూటీకి కూడా వెళ్లొస్తాడు. పోనీ టెస్టు చేయిద్దామా అంటే, ఒక్క స్మియర్‌లో (గాజు పలక మీద రక్తపు చుక్క పూసి చూసే పరీక్ష) క్రిమి కనపడనంత మాత్రాన మలేరియా లేనట్టు కాదు. అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ తీయిస్తాం. పేషెంటేమో "ఒకసారి తీశారుగా" అని విసుక్కుంటాడు.

ఇక ఛాతీ సంగతి. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటుంది, రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. దీనికి మనవాళ్లు పెట్టుకున్న పేరు గ్యాస్. సోడా తాగాను, తగ్గింది అంటారు. తగ్గింది సోడాతో కాదు, నిలబడటంతో. నడిస్తే వచ్చి ఆగితే పోయే పట్టు గుండె రక్తనాళాలది కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు, ఆయాసం, చెమటలు మాత్రమే.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. మాట తడబడుతుంది, ఒక చేతిలో గ్లాసు జారిపోతుంది, మూతి కాస్త పక్కకు పోతుంది. పావుగంటలో అంతా మామూలే. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. అది చాలాసార్లు పక్షవాతం ముందుగా పంపే కబురు. ఆ తర్వాతి 48 గంటల్లోనే ప్రమాదం ఎక్కువ. అలాంటప్పుడు నా ఓపీ టోకెన్ కోసం ఫోన్ చేయకండి, 108కి చేయండి. తగ్గిపోయినా సరే.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయి, ఇక ఏమీ లేదు.

వాస్తవం: మామూలు ఈసీజీ గుండెను చూసేది దాదాపు 10 సెకన్లు. వారానికోసారి పది నిమిషాలు వచ్చే దడ, బుధవారం సాయంత్రం మీరు మంచం మీద ప్రశాంతంగా పడుకున్న ఆ పది సెకన్లలో ఎందుకు కనిపిస్తుంది? 24 గంటలు ఒంటిమీద ఉంచే హోల్టర్ అనే చిన్న ఈసీజీ యంత్రానికి కూడా, ఆ రోజు దడ రాకపోతే దొరకదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ మూడుసార్లు దడ అంటూ వచ్చారు. ఈసీజీ నార్మల్, థైరాయిడ్ నార్మల్. ఇంట్లో ఏమైనా టెన్షనా అమ్మా అని అడిగి, నిద్రకు మాత్ర రాశాను. నాలుగోసారి దడ నడుస్తుండగానే ఆటోలో వచ్చేశారు. నాడి లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. ఈసీజీలో నిమిషానికి 190. గుండెలో కరెంటు దారి తప్పి గిరగిరా తిరగడం వల్ల వచ్చే దడ అది, తర్వాత ఒక చిన్న ప్రొసీజర్‌తో పూర్తిగా పోయింది. అప్పటి నుంచి దడ అని వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్తున్నాను: దడ ఉన్నప్పుడే, ఎక్కడుంటే అక్కడ, దగ్గర్లోని ఏ క్లినిక్‌లోనైనా ఈసీజీ తీయించుకోండి. ఆ కాగితం జాగ్రత్త. ఈసీజీ తీసే వాచీ ఉంటే అదీ పనికొస్తుంది. ముందు కూర్చోండి, కళ్లు తిరుగుతుంటే బండి నడపొద్దు.

మైగ్రేన్‌కి రక్తపరీక్ష లేదు. కడుపునొప్పి, విరేచనాల్లో తేడాలు తెచ్చే ఐబీఎస్‌కీ లేదు. అవి తేలేది మీరు చెప్పేదాన్నిబట్టే.

అపోహ: ఫుల్ బాడీ చెకప్ చేయిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది.

వాస్తవం: బయటపడుతుంది, అదే బాధ. చాలా పరీక్షల్లో నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఉండే హద్దు. మిగతా 5 శాతం మంది ఏ జబ్బూ లేకుండానే హద్దు దాటి ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయిస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. పేపర్లో పెట్టి పంచే పాంఫ్లెట్లలో ఏకంగా 70, 80 టెస్టులుంటాయి. ఆ ఎర్ర అక్షరాల్ని పట్టుకుని తిరగడంలో అసలు బాధ సంగతి మరుగున పడుతుంది.

పరీక్షలు దారి తప్పించడమూ ఉంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లలో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ఈ మాట కౌంటర్లో ఎవరూ అడగరు. ఇక మనవాళ్ల ముద్దుబిడ్డ వైడాల్ టెస్టు. ఏడాదికి మూడుసార్లు "టైఫాయిడ్ లైట్‌గా ఉందన్నారు" అని వచ్చేవాళ్లున్నారు. పాత ఇన్‌ఫెక్షన్‌కి, టీకాకి, ఇతర జ్వరాలకి కూడా వైడాల్ పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్ లైట్‌గా ఉండదు. అనుమానముంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఇవ్వాలి.

అలాగని పరీక్షలు వద్దనను. ఏళ్ల తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతూ కాళ్లు తిమ్మిరి అంటే బి12 చూస్తాను. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నీరసం వదలని అమ్మాయికి, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష రాస్తాను. దగ్గు రెండు వారాలు దాటితే, సాయంత్రాలు జ్వరం తగిలి బరువు తగ్గుతుంటే, టీబీ ఉందేమోనని కళ్లె పరీక్ష. అది సర్కారు దవాఖానలో ఉచితం. ముందు ప్రశ్న, ఆ తర్వాతే పరీక్ష.

అపోహ: టెన్షన్ వల్ల అన్నారంటే నాటకమని అర్థం.

వాస్తవం: పానిక్ అటాక్‌లో దడ, చెమట, ఊపిరాడకపోవడం అన్నీ నిజంగానే జరుగుతాయి, దానికి మంచి వైద్యమూ ఉంది. కాకపోతే ఆ పేరు చివర్లో పెట్టాలి, నాలాగా మొదట్లో కాదు.

అపోహ: ‘రెండు వారాలాగి రండి’ అన్నారంటే డాక్టర్‌కి తెలియలేదు, ఇంకొకరికి చూపించాలి.

వాస్తవం: కాలం కూడా ఒక పరీక్షే. కొన్ని జబ్బులు రెండు వారాల్లో ముఖం చూపిస్తాయి, కొన్ని పోతాయి. ఆరుగురు డాక్టర్లకు చూపిస్తే ఆరుగురూ మొదటి రోజునే చూసినట్టు. బస్తీ దవాఖాన డాక్టరైనా సరే, ఒక్కరి దగ్గరే మూడుసార్లు కూర్చోండి. అయితే లేచేముందు ఒకటి అడగండి: ఏమైతే ఆ రెండు వారాలు ఆగకుండా పరిగెత్తుకు రావాలి? దానికి జవాబు చెప్పకుండా విసుక్కుంటే, అప్పుడు నిక్షేపంగా డాక్టర్‌ని మార్చండి.

అపోహ: ఏం జరిగిందో డాక్టరే అడుగుతారు, మనం ఏం తీసుకెళ్లక్కర్లేదు.

వాస్తవం: 1975లో బ్రిటన్‌లో కొత్తగా ఓపీకి వచ్చిన 80 మందిని గమనిస్తే, 66 మందిలో చివరికి తేలిన జబ్బు, వాళ్లు చెప్పింది విన్నాకే డాక్టర్ ఊహించినదే. కానీ రద్దీ ఓపీలో అన్నీ అడిగే తీరిక మాకుండదు, నిజం. కాబట్టి తేదీ, టైము, ఎంతసేపుంది, అప్పుడేం చేస్తున్నారు, ఏం తిన్నారు, ఏం మింగారు, రాసి తెండి. ఆడవాళ్లయితే నెలసరి తేదీలు కూడా. దద్దుర్లు వస్తే ఫోటో, మూర్ఛలాంటిది వస్తే పక్కవాళ్లు తీసిన వీడియో. మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో, ఆయుర్వేదమైనా, పక్కింటివాళ్లిచ్చినదైనా.

సైదాబాద్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. షుగర్ పేషెంట్. అప్పుడప్పుడూ మధ్యాహ్నం పూట చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. లో బీపీ అని ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించేవాళ్లు. ఎప్పుడు పరీక్షించినా షుగర్ కాస్త ఎక్కువే తప్ప తక్కువ లేదు. రాయడం రాదన్నది. పోనీ వచ్చిన రోజు గోడ క్యాలెండర్ మీద సున్నా చుట్టు అన్నాను. రెండు నెలల తర్వాత ఆ కాగితాలు చించుకుని తెచ్చింది. ఏడు సున్నాలు, ఏడూ ఒకే నిలువు గీతలో. శనివారాలు.

"శనివారం ఏం చేస్తావు పెద్దమ్మా?"

"ఒక్కపొద్దు బిడ్డా. సాయంత్రం దీపం పెట్టినంకనే తింట."

"పొద్దున షుగర్ గోలీ?"

"అది మానొద్దని నువ్వే అంటివి కదా."

అది గ్లిమెపిరైడ్. ఖాళీ కడుపున రోజంతా షుగర్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది. తర్వాతి శనివారం కళ్లు తిరగగానే మనవడు గ్లూకోమీటర్‌తో చూస్తే 52. వెంటనే చక్కెర నీళ్లు తాగించాడు. 70 కంటే తగ్గితేనే మేం తక్కువ అంటాం. ఆ మందు మార్చి, శనివారాలకు వేరే లెక్క రాసిచ్చాను. చీటీ మడిచి కొంగున ముడేసుకుని, తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది.

"మరి శివరాత్రికో?"