జిట్రేగి మీద పాలిష్ ఎందుకు లేస్తది? లక్క నుంచి పీయూ దాకా

హన్మకొండలోగానీ వరంగల్‌లోగానీ వాద్యాలు బాగుచేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే ఈ పంచాయితీ చెవిన పడుతుంది: మామిడి చెక్క ఢోలక్ మీద నిగనిగలాడుతూ నిలిచిన పీయూ (పాలీయురేథేన్) కోటింగ్, అదే డబ్బాలోంచి తీసి జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క మీద కొడితే పొలుసులు పొలుసులుగా లేస్తోంది. కొన్నాయన పాలిష్ పెట్టినాయన్ను తిడతాడు, పాలిష్ పెట్టినాయన డబ్బాను తిడతాడు. నన్నడిగితే ఇద్దరూ తిట్టాల్సింది చరిత్రనే. వాద్యానికి చెక్కను నాదం చూసి, గట్టిదనం చూసి ఎంచుకున్నారు. కోటింగేమో కార్ల నుంచి, ఫర్నిచర్ నుంచి వచ్చింది. పట్టు చూసే పరీక్ష ఇనుప రేకుల కోసం పుట్టింది.

లక్క కాలంలో ఈ గొడవ తక్కువ. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురే లక్క (దీని మీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుంలో సంస్థ పెట్టారు, దేశానికి అది అంత పెద్ద సరుకు మరి). దాని రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో పొర మీద పొర రుద్దితే అదే ఫ్రెంచ్ పాలిష్. నూనె ఊరే చెక్కనైనా లక్క పట్టుకుంటుంది, పైగా కొత్త పొరలోని స్పిరిట్ కింది పొరను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది కాబట్టి పొరకూ పొరకూ మధ్య ఊడే బెడద లేదు. కానీ చెమట తగిలితే, నీళ్లు పడితే తెల్లమచ్చ. గంటలకొద్దీ వాయించే కళాకారుడికి అది చిన్న ఇబ్బందేం కాదు.

1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కర్ (పేరు దగ్గరైనా లక్క కాదు, రసాయన పూత) తెచ్చింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, దీంతో గంటల్లోకి వచ్చింది. గిటార్ ఫ్యాక్టరీలు ఈ రకం లక్కర్‌ను వెంటనే అందుకున్నాయి. ఆ డ్యూకో పేరు మన నిర్మల్ దాకా వచ్చింది, అక్కడి బొమ్మలకు, చిత్రాలకు ఇప్పుడు వాడేది ఎక్కువగా ఆ రంగులే. అయితే నిర్మల్ పనివాళ్లు పునికి చెక్క మీద నేరుగా రంగు వెయ్యరు. చింతగింజల అంబలి, తెల్లమట్టి పూత పడ్డాకే రంగు. చెక్కకూ రంగుకూ మధ్య ఒక పొర ఉండాలన్న సంగతి, నా లెక్కలో, వాళ్లకు ఏ కెమిస్టూ చెప్పక్కర్లేదు.

పాలీయురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. వాద్యాల మీదికి పాలియెస్టర్, పీయూ కోటింగ్‌లు గట్టిగా వచ్చింది 1960ల తర్వాత. చెమటకు లొంగవు, గీతలు తొందరగా పడవు, అంతా బాగానే ఉంది. చిక్కల్లా జిట్రేగి కుటుంబపు చెక్కల చేవలో ఉండే క్వినోన్ రకం పదార్థాలతో. పాలియెస్టర్ గట్టిపడే రసాయన చర్యకే అవి అడ్డం పడతాయి, పైన ఆరినట్టే ఉంటుంది, కింద జిగటగా మిగులుతుంది. పీయూకి చెక్కలోని నూనె పడదు. థిన్నర్‌తో తుడిస్తే కాసేపు పని చేస్తుంది, ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకి తేలుతుంది. అందుకే మైనం తీసేసిన లక్కగానీ, చెక్కలోని నూనెను అడ్డుకునే వేరే ఐసోలేటర్ సీలర్‌గానీ ముందు వేస్తారు. తిరిగి తిరిగి లక్క దగ్గరికే వచ్చామన్నమాట! మైనం ఉన్న మామూలు లక్క వేస్తే మాత్రం దాని మీద పీయూ నిలవదు.

ఇక పరీక్ష. కోటింగ్ మీద బ్లేడుతో ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఆరు గీతలు కోస్తే 25 గళ్లు వస్తాయి. టేపు అంటించి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో చూడాలి. ఐఎస్ఓ 2409 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కలో 0 అంటే భేష్, 5 అంటే పోయినట్టే. అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం డీ3359 ప్రమాణంలో తిరగేసి 5బీ మంచిది, 0బీ చెడ్డది, కాబట్టి డబ్బా మీద అంకె చూసి మురిసిపోయే ముందు అది ఎవరి లెక్కో చూసుకోవాలి. చెక్క మీదైతే గీతలు 2 మిల్లీమీటర్ల ఎడంతో, నారకు 45 డిగ్రీల వాలుగా కొయ్యాలి, నార వెంట కోస్తే చెక్కే చీలి లెక్క తప్పుతుంది.

అంకె కన్నా టేపు జిగురు వైపు ఎక్కువ చెబుతుంది. దానికి నారపోగులు అంటుకుని వస్తే చెక్కే తెగింది, కోటింగ్‌ది తప్పు లేదు, పునికి లాంటి మెత్తటి చెక్కతో ఇలాగే అవుతుంది. కింద చెక్క నున్నగా మెరుస్తూ బయటపడితే నూనె దెబ్బ. పొరకూ పొరకూ మధ్య విడిపోతే మధ్యలో గరుకు కాగితం సరిగ్గా పట్టలేదు, పూర్తిగా ఆరిన పీయూ లక్కలాగా కరిగి కలవదు కదా.

2017 జనవరిలో జిట్రేగి చేరిన డాల్బెర్జియా జాతి మొత్తం సైటీస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షల కిందికి రావడంతో తయారీదార్లు వేరే చెక్కలు వెతుక్కున్నారు. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో సడలింపు వచ్చినా ఆ వెతుకులాట ఆగలేదు. కొత్త చెక్క వచ్చినప్పుడల్లా పాత చెక్క మీద వచ్చిన ఫలితం పనికిరాదు. సామిల్లులో అదే దుంగ నుంచి మిగిలిన ముక్క అడిగి తెచ్చి, దాని మీద గళ్లు కోసి చూశాకే వాద్యం మీద చెయ్యి పెట్టాలి. ఒకసారి కోటింగ్ కొట్టిన వారానికి, ఇంకోసారి వానాకాలం దాటాక కోస్తే మంచిది, ఎందుకంటే మే ఎండకు కుంచించుకుని జూలై తేమకు ఉబ్బిన చెక్క మీదే అసలు పట్టు బయటపడుతుంది.