అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు: కాగితాల విషయంలో అపోహలు, వాస్తవాలు

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఊళ్ళ 1-బి (ఏ పొలం ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రిజిస్టరు) తిరగేస్తే పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు వరసగా కనిపిస్తారు. అహోబిలం నరసింహస్వామి పేరు అది. బేతంచెర్ల వైపు అదే స్వామి మద్దిలేటి అవుతాడు. నెల్లూరులో కసుమూరు దర్గాకు మొక్కుకున్న ఇళ్ళలో పెద్ద మస్తానయ్య, చిన్న మస్తానయ్య ఉంటారు. తెలంగాణలో పెద్ద మల్లయ్య, చిన్న మల్లయ్య. దస్తావేజులు, వారసత్వ కాగితాలు రాసే మా పనిలో ఈ పేర్లు రోజూ ఎదురవుతాయి. వీటి మీద ఉన్న అపోహల వల్ల పొలం ఒకరిదైతే పాసుపుస్తకం ఇంకొకరి చేతికి పోతోంది.

అపోహ: ఒకే తండ్రి పిల్లలకు ఒకే పేరు పెట్టకూడదు, పెడితే జనన ధ్రువపత్రం ఇవ్వరు.

వాస్తవం: 1969 జనన మరణాల నమోదు చట్టంలో అలాంటి నిషేధం ఎక్కడా లేదు. పుట్టిన 21 రోజుల్లోపు పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. పేరును 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 2023 సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికి, ఓటరు నమోదుకు, లైసెన్సుకు, పెళ్ళి నమోదుకు పుట్టిన తేదీ రుజువు ఈ పత్రమే. కాబట్టి "చిన్న" అన్న మాట పేరులో ఉండాలనుకుంటే అది మొదట ఇక్కడే ఎక్కాలి. బడిలో చేర్పించేటప్పుడు చూసుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

అపోహ: ఇది చదువులేనివాళ్ళ అలవాటు.

వాస్తవం: కాదు. మొక్కు ఒక కారణం, తాత పేరు నిలబెట్టాలన్న కోరిక ఇంకొకటి. రెండు పెళ్ళిళ్ళయిన ఇంట్లో ఇద్దరు భార్యల కొడుకులకూ తాత పేరే రావడం అందుకే. అమెరికన్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఐదుగురు కొడుకుల పేర్లూ జార్జే. అక్కడ జూనియర్, మూడో, నాలుగో అన్న గుర్తులు చేసే పనిని మన దగ్గర పెద్ద, నడిపి, చిన్న చేస్తాయి. తేడా ఏమిటంటే, వాళ్ళ గుర్తు కాగితం మీదికి ఎక్కుతుంది. మనది ఊరి నోట్లోనే ఆగిపోతోంది.

అపోహ: పెద్ద, చిన్న అని ఉన్నాయి కదా, ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

వాస్తవం: గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఆ ఒక్క మాట మూడు రకాలుగా జారిపోతుంది.

మొదటిది, పొడి అక్షరం. "పెద్ద ఓబులేసు" ఒక కాగితంలో "పి. ఓబులేసు" అవుతాడు. ఆ ఇంటిపేరు కూడా "ప"తో మొదలైతే తమ్ముడూ "పి. ఓబులేసే". ఇక ఆ కాగితం ఎవరిదో చెప్పే ఆధారం ఉండదు. "చి." కూడా అంతే, చిన్న కావచ్చు, చిరంజీవి కావచ్చు, ఇంటిపేరు కావచ్చు.

రెండోది, ఇంగ్లిషులో రాయడం. పెద్ద అన్న మాట ఆధార్‌లో ఒక స్పెల్లింగుతో, బ్యాంకులో ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది, రేషన్ కార్డులో అసలు ఉండదు. పేర్లు పోల్చే కంప్యూటరుకు అవి ముగ్గురు మనుషులు.

మూడోది ఎవరూ ముందుగా ఊహించరు. ఇద్దరే ఉన్నప్పుడు పెద్ద, చిన్న. మూడోవాడు పుట్టగానే ఊరు రెండోవాణ్ణి నడిపి అంటుంది, కొత్తవాడు చిన్న అవుతాడు. కానీ రెండోవాడి బడి రిజిస్టరులో, పాత పత్రాల్లో "చిన్న" అలాగే ఉండిపోతుంది. ముప్పై ఏళ్ళ తర్వాత చూస్తే చిన్న ఓబులేసులు ఇద్దరు. పాత పత్రం చదివేటప్పుడు అది రాసిన తేదీకి ఇంట్లో ఎంతమంది కొడుకులు పుట్టారో లెక్కేయకుండా చిన్న అంటే ఎవరో తేల్చకండి.

అపోహ: తండ్రి పేరు చూస్తే తేలిపోతుంది.

వాస్తవం: అన్నదమ్ముల పిల్లలకు ఒకే తాత పేరు పెడితే తేలుతుంది, తండ్రులు వేరు కాబట్టి. సొంత అన్నదమ్ములకు, సవతి అన్నదమ్ములకు తేలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మనిషిని గుర్తించడానికి నివాసం, వృత్తి, తండ్రి పేరు అడుగుతుంది. ఒకే ఇంట్లో, ఒకే సేద్యం చేసుకునే అన్నదమ్ములకు ఆ మూడూ ఒకటే. సవతి అన్నదమ్ములను వేరు చేసేది తల్లి పేరు. 1-బిలో తండ్రి లేదా భర్త పేరు గడి ఉంటుంది గానీ తల్లి పేరుకు చోటు లేదు. అందుకని దస్తావేజులోనైనా ఇలా పూర్తిగా రాయించాలి: "ఫలానావారి పెద్ద భార్య ఫలానా అమ్మగారి కుమారుడు పెద్ద మల్లయ్య, పుట్టిన తేదీ, ఆధార్ చివరి 4 అంకెలు". పుట్టిన తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. పాత తరంలో బడిలో వేసిన అంచనా తేదీలు, ఆధార్‌లో పడిన జనవరి 1లు చాలా ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో చేర్చిన సెక్షన్ 32ఎ నుంచి ఆస్తి బదిలీ పత్రాల మీద రెండు వైపులవాళ్ళ ఫొటోలు, వేలిముద్రలు ఉంటున్నాయి. అంతకు ముందు పత్రమైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోని వేలిముద్రల పుస్తకం అడగండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీసేటప్పుడు కూడా పేరుతో వెతికితే ఇద్దరి లావాదేవీలూ కలిసి వస్తాయి. సర్వే నంబరుతో వెతకండి.

అపోహ: ఆధార్ వచ్చాక ఈ తిప్పలు లేవు.

వాస్తవం: ఆధార్ అన్నదమ్ములను వేలిముద్రతో, కనుపాపతో వేరు చేస్తుంది. కానీ 1-బిలోని పొలం ఖాతా నంబరుకు ఆధార్ కలిపేది మనిషి చెయ్యి. చిన్నోడి ఖాతాకు పెద్దోడి ఆధార్ పడిందా, ఆ పొలానికి వచ్చే డబ్బు నేరుగా పెద్దోడి బ్యాంకుకు పోతుంది. చిన్నోడికి ఆ సంగతి నెలల తర్వాత తెలుస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు. కవలలకు ఒకే పేరు పెడితే పేరు, తండ్రి, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ ఒకటే. పాన్ కార్డు మీద ఉండే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా ఒకటే కాబట్టి కవలల విషయంలో మాత్రం మా సలహా ఖాయం: ఒకే పేరు వద్దు.

ఓటరు జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు దగ్గరగా ఉన్న ఎంట్రీలను సాఫ్ట్‌వేర్ అనుమానించి పక్కకు తీస్తుంది. బీఎల్‌ఓ (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ తమ ఓటరు కార్డులు, ఆధార్ చూపించాలి. "మా అన్న కూడా ఇక్కడే ఉంటాడు" అని నోటితో చెప్పి ఊరుకోవద్దు.

విదేశాలకు వెళ్ళేవాళ్ళకు ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఉత్త "ఓబులేసు" అని ఒక్క మాటే ఉంటే అమెరికా వీసాలో అది ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, అసలు పేరు గడిలో పేరు తెలియదని అర్థం వచ్చే "ఎఫ్‌ఎన్‌యూ" పడుతుంది. అన్నకూ తమ్ముడికీ అదే పడితే కాగితం మీద ఇద్దరికీ తేడా పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్లే. పాస్‌పోర్టుకు ముందే ఇంటిపేరు విడిగా, "చిన్న ఓబులేసు" కలిపి పెట్టించుకోండి.

అపోహ: వీలునామాలో "నా కొడుకు మల్లయ్యకు" అని రాసి, ఇద్దరు మల్లయ్యలుంటే అది చెల్లదు.

వాస్తవం: వెంటనే కొట్టేయరు. 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 80 ఇలాంటి సందర్భానికే ఉంది. చట్టంలోని ఉదాహరణలో ఒకాయనకు మేరీ అనే పేరుతో ఇద్దరు కజిన్లు ఉంటారు, ఆయన "నా కజిన్ మేరీకి" అని రాస్తాడు. ఏ మేరీ అన్నది బయటి సాక్ష్యంతో తేల్చవచ్చు. అయితే ఆ సాక్ష్యం చెప్పేవాళ్ళు అప్పటికి బతికి ఉండాలి, కోర్టు చుట్టూ ఏళ్ళు తిరగాలి. వీలునామాలో ఇంకో వాక్యం రాస్తే ఆ శ్రమంతా తప్పుతుంది.

అపోహ: సవతి కొడుక్కి పేరు ఒకటే అయినా వాటా తక్కువ.

వాస్తవం: తండ్రి సొంత ఆస్తికి వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం కింద ఇద్దరు భార్యల కొడుకులూ సమానం. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి చెల్లకపోయినా ఆ పిల్లలకు తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది. సవతి అన్న తేడా వచ్చేది అన్నదమ్ముల్లో ఒకరు భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు ఎవరూ లేకుండా పోయినప్పుడు: అప్పుడు సొంత అన్నదమ్ములు ముందు, సవతివాళ్ళు తర్వాత. వారసుల జాబితాలో అసలు ప్రమాదం వేరే ఉంది. ఒకే పేరు రెండు వరసల్లో కనబడితే పొరపాటున రెండుసార్లు పడిందనుకుని టైపు చేసేవాళ్ళు ఒకటి తీసేస్తారు. ప్రతి పేరు పక్కన తల్లి పేరు, వయసు ఉండేలా దరఖాస్తులోనే రాయండి.

అపోహ: "ఓబులేసు, చిన్న ఓబులేసు ఒక్కరే" అని నోటరీ అఫిడవిట్ తెస్తే చాలు.

వాస్తవం: మామూలు ఇంట్లో అది పనికొస్తుంది. అన్న పేరు పెద్ద ఓబులేసు అయిన ఇంట్లో అదే అఫిడవిట్ కొత్త తగాదా. ఉత్త "ఓబులేసు" అని ఉన్న ప్రతి పాత కాగితమూ తమ్ముడిదే అని చెప్పినట్టు అవుతుంది, వాటిలో అన్నవీ ఉంటాయి. అఫిడవిట్ తప్పదంటే ఏయే పత్రం, ఏ నంబరు, ఏ తేదీది తనదో విడివిడిగా రాయాలి, అన్న కూడా సాక్షిగా సంతకం పెట్టాలి.

దిద్దుబాటు మొదలుపెడితే అన్నదమ్ములిద్దరివీ ఒకేసారి చేయించండి. ఆధార్, రేషన్, ఓటరు, బ్యాంకు, 1-బి, పదో తరగతి మెమో ముందేసుకుని ఎవరిది ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. మెమో ఉన్నవాళ్ళు దాన్ని బట్టే మిగతావి మార్చుకోవడం తేలిక, ఎందుకంటే మెమోలో దిద్దడమే అన్నిటికన్నా కష్టం. చదువుతున్న పిల్లలైతే బడి నుంచి నామినల్ రోల్స్ (పదో తరగతి పరీక్ష రాసేవాళ్ళ జాబితా) పోయే ముందే చూడాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి స్పెల్లింగు ఖాయం చేసుకున్నాకే వెళ్ళండి. చివరగా తహసీల్దారు ఆఫీసులో ఖాతాకు ఆధార్ సరిచేయించి, ఇద్దరి 1-బిలూ ఒకే రోజు తీసి ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం పక్కపక్కన పెట్టి చూసుకోండి.