టెంపే మీద నల్ల మచ్చలు: పారేయాల్సింది ఏది, వండుకోవాల్సింది ఏది?

"ప్యాకెట్ విప్పితే మూలల్లో నల్లగా బూజు కనిపించింది. పొద్దున పిల్లలు సగం తినేశారు కూడా. ఏమైనా అవుతుందా?"

టెంపే అంటే ఉడికిన సోయా గింజలకు బూజు పట్టించి చేసే ఇండోనేషియా ఆహారం. దాన్ని చేయడం నేర్పేవాళ్లను వారం వారం ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. ఆ కంగారు అర్థం చేసుకోదగ్గదే. జవాబు మాత్రం సూటిగా చెప్పాలి: నల్ల మచ్చలు ఒక్కటే అయితే ఏమీ కాదు.

మన ఇళ్లలో ఆవకాయ మీద బూజు పడితే జాడీ పనికిరాదని లెక్క. టెంపేలో బూజు పట్టించడమే అసలు పని. ఉడికిన సోయా బద్దల మధ్య రైజోపస్ అనే బూజు తెల్లటి దారాల్లా అల్లుకుని, గింజలన్నిటినీ కోస్తే విడిపోనంత గట్టి దిమ్మగా బిగిస్తుంది. జావా ద్వీపంలో తరతరాలుగా జరుగుతున్నది ఇదే. ఆ తెలుపును కడిగేసి, చాకుతో గీకేసి వండేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, అలా గీకేస్తే పోయేది టెంపేనే.

ఇక నలుపు. బూజు ముదిరితే సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సన్నటి రేణువులు, వేస్తుంది, వాటి రంగు బూడిద నుంచి నలుపు. గాలి తగిలిన చోట ఇది ముందు మొదలవుతుంది కాబట్టి కవరుకు పొడిచిన రంధ్రాల చుట్టూ, అరిటాకు మడతల అంచున చుక్కలు కనిపిస్తాయి. రుచి కాస్త ఘాటెక్కుతుంది, అంతే. జావావాళ్లు ఇంకా ముదిరిన టెంపేకు 'సెమాంగిత్' అని పేరు పెట్టి మరీ వాడతారు. కెదిరి ఊరి 'సంబల్ తుంపాంగ్' అనే కారపు వంటకంలో కొబ్బరిపాలు, మిరపకాయలతో దాన్ని మెదిపి ఉడికిస్తారు. అలవాటు లేనివాళ్లు అంత దూరం వెళ్లక్కర్లేదు.

పారేయాల్సినది వేరే. గులాబీ, నారింజ, ఆకుపచ్చ రంగు మచ్చలు ఉన్నా, వేలితో తాకితే జిగురుగా తీగ సాగినా, దిమ్మ మెత్తబడి నీరు కారుతున్నా, ముక్కు పగిలేలా అమోనియా కొడుతున్నా ఆలోచించకుండా పారేయండి. మంచి టెంపేకు పచ్చి పుట్టగొడుగుల వాసన ఉంటుంది. నలుపు ఉండి, ఆ వాసన ఉండి, దిమ్మ గట్టిగా ఉంటే నిశ్చింతగా వండుకోండి.

ఇంట్లో చేసుకునేవాళ్ల సరుకు ఎక్కువగా పాడయ్యేది ఇంకో నమ్మకం వల్ల. ఇడ్లీ పిండిలాగా మూత బిగించి వెచ్చగా పెడితే బాగా పులుస్తుందనుకుంటారు. పిండి పులియడానికి గాలి అక్కర్లేదు. బూజుకు కావాలి.

కిలో సోయా తీసుకుంటే రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు నానబెట్టి, పొట్టు తీసేయాలి. పొట్టు మిగిలితే బూజు గింజలోకి దిగదు. ఎనిమిది పెద్ద చెంచాల వెనిగర్ కలిపిన నీళ్లలో ముప్పావు గంట ఉడికించాలి. జావాలో నానిన నీళ్లే సహజంగా పులిసి ఆ పని చేస్తాయి. చెడ్డ బాక్టీరియాను అణిచేది ఆ పులుపే. నీళ్లు వంచాక గుడ్డ మీద పరిచి పైతడి పూర్తిగా ఆరనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. గింజ తడిగా మెరుస్తుంటే జిగురు ఖాయం. చేతికి గోరువెచ్చగా తగిలేంత చల్లారాక తోడుపొడి, అంటే బూజు సిద్ధబీజాలున్న పొడి, కలపాలి. ఇండోనేషియాలో దాన్ని 'రాగి' అంటారు. మన రాగులకూ దానికీ సంబంధం లేదు. కిలో ఎండు గింజలకు సుమారు 2 గ్రాములు, ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. కవరులో 2, 3 సెంటీమీటర్ల మందాన నింపి, సెంటీమీటరుకొకటి చొప్పున సూదితో రెండు వైపులా పొడవాలి.

30 నుంచి 32 డిగ్రీలు చాలు. మొదటి 12 గంటలు ఆ వెచ్చదనం బయటినుంచి అందాలి. తర్వాత బూజు తన వేడి తానే పుట్టిస్తుంది. అప్పుడు కవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి దుప్పటి కప్పితే లోపల 40 దాటుతుంది, బూజు చచ్చి బాసిల్లస్ బాక్టీరియా పైచేయి అవుతుంది. మర్నాడు కంపు కొట్టే ముద్ద మిగులుతుంది. చాలామంది తోడుపొడిని తిట్టుకుంటారు, పాపం దాని తప్పేమీ లేదు. 12 గంటలు దాటగానే కవర్లు విడదీసి జాలీ మీద పరవండి. మే నెల ఎండల్లో ఫ్యాన్ కింద పెట్టినా తప్పులేదు. 24 నుంచి 48 గంటల్లో దిమ్మ తెల్లగా బిగుస్తుంది. వెంటనే పది నిమిషాలు ఆవిరి పట్టి ఫ్రిజ్‌లో పెడితే నలుపు ముదరదు.

"టెంపే తిని మనుషులు చనిపోయారట" అని ఫార్వర్డ్‌లు తిప్పేవాళ్లకు ఒక మాట. చనిపోయింది నిజం, కానీ సోయా టెంపేతో కాదు. జావాలోని బన్యుమాస్ ప్రాంతంలో కొబ్బరి పిప్పితో చేసే 'టెంపే బోంగ్క్రెక్'లో ఒక బాక్టీరియా చేరి బోంగ్క్రెకిక్ ఆమ్లం అనే విషం తయారుచేసేది. అది వండినా పోదు, రుచికీ తెలియదు. ఇండోనేషియా ప్రభుత్వం దాని తయారీని 1988లో నిషేధించింది. మీరు పాటించాల్సింది ఒక్కటే: ఇంట్లో టెంపే పెట్టేటప్పుడు కొబ్బరి కోరు గానీ పిప్పి గానీ కలపకండి.

టెంపే, టోఫు ఒకటే అనుకోవడం చిన్న పొరపాటు. టోఫు విరిచిన సోయా పాలు, టెంపే గింజ మొత్తం.

శాకాహారులకు బి12 టెంపే నుంచే సరిపడా వస్తుందని నమ్మడం మాత్రం చిన్నది కాదు. బి12 చేసేది బూజు కాదు, దానితో పాటు చేరే కొన్ని బాక్టీరియా. ఒక్కో దిమ్మలో ఒక్కోలా ఉంటుంది, శుభ్రంగా చేసినదాంట్లో దాదాపు ఉండకపోవచ్చు. డాక్టర్ రాసిన మాత్రలు మానకండి.

జావాకో బాలికో వెళ్లే శాకాహారులు టెంపే కనిపించగానే నిశ్చింతగా ఆర్డర్ చేస్తారు. దిమ్మ శాకాహారమే, పక్కన వేసే సంబల్ అనే మిరప పచ్చడిలో మాత్రం తెరాసి, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద, తరచూ ఉంటుంది. కొబ్బరిపాల కూర లొదెలో ఎండు రొయ్యలు పడతాయి. చేపలు వేయించిన నూనెలోనే టెంపే వేయించడమూ మామూలే. "తాన్పా తెరాసి, తాన్పా ఉడాంగ్" అనండి: తెరాసి వద్దు, రొయ్యలు వద్దు అని అర్థం. నూనె సంగతి విడిగా అడగాలి.