టీవీ పంచాయితీలు, కాపురపు గుట్టు: అపోహలు - వాస్తవాలు

భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి కాపురపు గుట్టు విప్పించే టీవీ కార్యక్రమాలను మన ఊళ్లలో చాలామంది పెద్దమనుషుల పంచాయితీకి పై మెట్టు అనుకుంటారు. నల్లగొండలో కుటుంబ కేసులు చూసే న్యాయవాదిగా ఈ కింది అపోహలు నాకు తరచూ ఎదురవుతుంటాయి.

అపోహ: స్టూడియోలో ఇద్దరూ ఒప్పుకొని బాండ్ పేపరు మీద సంతకాలు చేస్తే విడాకులు అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 13-బి సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకారంతో విడిపోవాలన్నా ఏడాది విడిగా ఉండి కోర్టులో పిటిషన్ వేయాలి, ఆపైన మామూలుగా ఆరు నెలలు ఆగాలి. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 29వ సెక్షన్ కాపాడుతుంది గాని, ఆ ఆచారం ఉన్నదని సాక్ష్యాలతో రుజువు చేయాలి. యాంకర్ చెప్పిన తీర్పు ఏ కులాచారం కిందికీ రాదు. (దేవరకొండ వైపు తండాల సంగతి వేరు, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు.) ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, మొదటి పెళ్లి సంగతి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

అపోహ: అక్కడ మాట్లాడింది షో కోసమే, కోర్టులో పనికిరాదు.

వాస్తవం: పనికివస్తుంది, అదీ ఎక్కువగా అవతలి పక్షానికి. "అంటే నువ్వే ఇల్లు విడిచి వచ్చేశావన్నమాట" అని యాంకర్ రెట్టించగా, "ఆ, నేనే వచ్చేసిన" అని ఒక భార్య అన్న మాట క్లిప్పులో మిగులుతుంది. దెబ్బలు తాళలేక వచ్చానని అంతకుముందు చెప్పింది ఎడిటింగ్‌లో పోతుంది. తగిన కారణం లేకుండా భర్తను విడిచి ఉన్న భార్యకు భరణం రాదనే వాదనకు ఆ ఒక్క ముక్క చాలు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేసి ఆ క్లిప్పును దాఖలు చేస్తారు. అప్పుడు మేము చేయగలిగింది, కోత పడని పూర్తి ఫుటేజీ తెప్పించమని కోర్టును అడగడం. ఇదే గొడవ నేరుగా కోర్టుకు వచ్చి ఉంటే హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ తలుపులు మూసి జరిగేది, ఆ వివరాలు అచ్చువేసినవారికి జరిమానా పడేది. జరిమానా వెయ్యి రూపాయల వరకే అనుకోండి, అయినా పరువు నిలిచేది.

అపోహ: సంతకం పెట్టాం కాబట్టి ఛానల్ వాళ్లు ఎవరి గురించి ఏమైనా ప్రసారం చేసుకోవచ్చు.

వాస్తవం: అనుమతి లేకుండా ఒకరి పెళ్లి, కుటుంబ విషయాలు ప్రచురించరాదని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో చెప్పింది. తమంతట తాము వివాదంలోకి దిగినవారికి ఈ రక్షణ తగ్గుతుందనీ అదే తీర్పులో ఉంది. అయితే మీ సంతకం మీ ఒక్కరికే వర్తిస్తుంది. మీ అత్త, ఆడబిడ్డ, బడికి పోయే పిల్లల తరఫున అది చెల్లదు.

అపోహ: టీవీలో బయటపడిన మోసం మీద ఎప్పుడైనా కేసు వేసుకోవచ్చు.

వాస్తవం: అవతలివారు దాచిన మొదటి పెళ్లి, మిమ్మల్ని చేసుకునేనాటికి రద్దు కాకుండా ఉంటే రెండోది మొదటినుంచే చెల్లదు కనుక గడువు సమస్య లేదు. ఇతర ముఖ్యమైన విషయం దాచి పెళ్లి చేసి ఉంటే మాత్రం, హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద మోసం తెలిసిన ఏడాదిలోపే పిటిషన్ వేయాలి, తెలిశాక ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉండకూడదు. ఆ విషయం మీకు స్టూడియోలోనే తెలిసి ఉంటే, గడువు లెక్క ప్రసారమైన రోజు నుంచి కాక షూటింగ్ జరిగిన రోజు నుంచే మొదలవుతుంది.