వైర్‌లెస్ ఛార్జింగ్ కాయిల్‌పై పూత: అపోహలు - వాస్తవాలు

కావలిలో చాలాకాలం బోరు మోటార్లు చుట్టి, ఇప్పుడు వైర్‌లెస్ ఛార్జింగ్ కాయిల్స్ చుడుతున్నాను. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్‌ను కొలిచే పరికరాలకు ఛార్జింగ్ పిన్ను ఉంటే ఉప్పుగాలికి అది తినేసుకుపోతుంది గనుక, పిన్ను లేకుండా పూర్తిగా మూసేసిన డబ్బాలో కాయిల్ పెట్టి ఇమ్మంటారు. అలా వచ్చేవారి దగ్గర తరచుగా వినే మాటలివి.

అపోహ: పూత వేస్తే పవర్ అవతలికి దాటదు.
వాస్తవం: శక్తిని దాటించేది మారే అయస్కాంత క్షేత్రం; ఎపాక్సీ (పోశాక గట్టిపడే జిగురు), వార్నిష్, ప్లాస్టిక్ ఏవీ దానికి అడ్డు కావు. మరీ మందంగా పోస్తే ఛార్జర్‌లోని కాయిల్‌కూ డబ్బాలోని కాయిల్‌కూ మధ్య ఎడం పెరిగి కొంత నష్టం వస్తుంది, అంతే. అడ్డుపడేది లోహం. ఒకాయన డబ్బా మీద, సరిగ్గా కాయిల్‌కు ఎదురుగా, అల్యూమినియం రేకు స్టిక్కరు అంటించి, ఛార్జింగ్ ఎక్కడం లేదని తెచ్చారు. స్టిక్కరు వేలికి చురుక్కుమనేంత వేడెక్కి ఉంది.

అపోహ: చెరువులోని ఉప్పునీరు శక్తిని మింగేస్తుంది.
వాస్తవం: ఈ కాయిల్స్ నడిచే 100 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర క్షేత్రం సముద్రపు నీటిలో సైతం మూడో వంతుకు కాస్త పైన మిగిలేలా తగ్గాలంటే దాదాపు 80 సెంటీమీటర్లు పోవాలి. డబ్బాపై నిలిచిన నీటి పొర ఏ లెక్కలోకీ రాదు.

అపోహ: సరఫరా 12 వోల్టులే కాబట్టి ఇన్సులేషన్ పేరుకు ఉంటే చాలు.
వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ కాయిల్స్‌ను పాడుచేసేది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. కాయిల్, కెపాసిటర్ అనునాదంలో (రెజొనెన్స్‌లో) పనిచేస్తాయి, అందుకే కాయిల్‌పై వోల్టేజి సరఫరా కంటే ఎంతో ఎక్కువగా పెరుగుతుంది. 24 మైక్రోహెన్రీల కాయిల్‌లో 100 కిలోహెర్ట్జ్ వద్ద 5 ఆంపియర్లు పారితే దాని రెండు కొసల మధ్య సుమారు 75 వోల్టులు నిలుస్తాయి. పైగా ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటు రాగి ఉపరితలం నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతులోనే ఎక్కువగా పారుతుంది గనుక, 0.08 మిల్లీమీటర్ల పోగులను వందకు పైగా పెనవేసిన లిట్జ్ వైరు వాడతాము. ప్రతి పోగుకూ విడిగా ఎనామిల్, అంటే సన్నని ఇన్సులేషన్ పూత, ఉండాలి. అది రాలి పోగులు ఒకదానికొకటి తగిలితే, ఖరీదైన లిట్జ్ వైరు మామూలు లావు తీగతో సమానమవుతుంది.

అపోహ: ఏ ఎనామిల్ అయినా ఒకటే.
వాస్తవం: పాలీయురేథేన్ పూత సోల్డరు వేడికే కరిగిపోతుంది, ఎక్కువ వేడిని ఓర్చే పాలీఅమైడ్-ఇమైడ్ పూత పోదు, ముందే తీయాలి. బ్లేడుతో గీకితే కొన్ని పోగులు తెగుతాయి, కొన్నిటికి సోల్డరు అంటదు. బయటికి అతుకు మెరుస్తూనే ఉంటుంది.

అపోహ: ఎపాక్సీలో ముంచితే నీరు దిగదు.
వాస్తవం: బుడగలు పోవడానికి వాక్యూమ్ పెట్టాలి. అది చేసినా, వైరు బయటికి వచ్చే చోట పోగుల సందుల్లోంచి నీరు దీపపు వత్తిలో నూనెలా ఎక్కుతుంది. అందుకే అక్కడ చివరి కొద్ది మేర పైచుట్టు తీసి, పోగుల మధ్య సందు లేకుండా సోల్డరు నింపి, ఆ ముద్దను కూడా ఎపాక్సీలో మునిగేలా పోస్తాను.