డిజైన్ బయటికి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా: ఎలక్ట్రానిక్స్‌లో అపోహలు - వాస్తవాలు

ముందే చెప్పేస్తాను, కంపెనీలు బయటికి ఇచ్చే ఎలక్ట్రానిక్స్ డిజైన్ చేసిపెట్టడమే నా బతుకుతెరువు, కాబట్టి నా మాటల్లో స్వార్థం ఎంతుందో మీరే చూసుకోండి. అయినా వచ్చినవాళ్లలో కొందరికి "ఇది మీరే చేసుకోండి సార్" అని చెప్పి పంపేస్తుంటాను. ఎందుకో చెప్పడానికి బోరు మోటారుకి పెట్టే మొబైల్ స్టార్టర్‌ని తీసుకుందాం. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అయ్యే డబ్బా, మన ఊళ్లలో తెలియనివాళ్లు ఉండరు.

అపోహ: మొత్తం బయటికి ఇచ్చేస్తే మనకి టెన్షన్ ఉండదు.

బయటికి వెళ్లేది గీసే పని మాత్రమే, ఏం కావాలో తేల్చే పని మీ దగ్గరే ఉంటుంది. సింగిల్ ఫేజింగ్ అయితే (మూడు ఫేజుల్లో ఒకటి పోతే) ఎన్ని సెకన్లలో ఆపాలి, బోర్లో నీళ్లు అయిపోయి డ్రై రన్ అయితే మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి, కరెంటు రాగానే మోటారు ఆన్ అవ్వాలా లేక కాసేపు ఆగాలా (ఊళ్లో ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి కరెంటు లాగితే ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమవుతుందో లైన్‌మన్‌ని అడగండి), ఎర్తింగ్ సరిగ్గా లేని పొలంలో పిడుగు పడితే ఎంతవరకు తట్టుకోవాలి, ఇవన్నీ పెద్ద సిటీలో ఏసీ గదిలో కూర్చున్న డిజైనర్‌కి కలలోకి రావు. కాగితం మీద లేకపోతే అతను ఆన్, ఆఫ్ చేసే బోర్డు చేసి బిల్లు పంపిస్తాడు. తర్వాత "మీరు చెప్పలేదుగా", "నీకు తెలిసుండాలిగా" అనే గొడవ.

అందుకే మోటారు లాజిక్ (ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అనే ప్రోగ్రాం) రాసిపెట్టమని వచ్చేవాళ్లకి నేను వద్దంటాను. రైతుల ఫిర్యాదులు వినే కొద్దీ సీజన్ సీజన్‌కీ మారేది అదే, ప్రతి మార్పుకీ నాకు ఫోన్ చేసి కొటేషన్ అడుగుతూ కూర్చుంటే మీ వ్యాపారం సాగదు. ఒక్కసారి గట్టిగా చేసి ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేని పవర్ సప్లై, యాంటెన్నా, ఈఎంఐ (బ్యాంకు వాయిదా కాదు, ఒక పరికరం కరెంటు గోల ఇంకోదాన్ని చెడగొట్టకుండా చూడటం) లాంటివి బయటికి ఇవ్వండి.

అపోహ: ఫోన్ సిగ్నల్ అందుకునే రెడీమేడ్ మాడ్యూల్ కొన్నాం, ఇక ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ల) నిపుణుడితో పనేముంది?

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ అపోహే! 2జీ మాడ్యూల్ సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కో బర్స్ట్‌లో (క్షణకాలం విడతలో) 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ బర్స్ట్ ఉండేది 577 మైక్రోసెకన్లే. మల్టీమీటర్‌లో సగటు కరెంటు చూసి సప్లై సరిపోతుందనుకుంటారు, కానీ ఆ కాస్త సమయంలో వోల్టేజ్ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవడం ఆసిలోస్కోప్ (వోల్టేజ్ క్షణక్షణం ఎలా మారుతుందో గీసి చూపే పరికరం) పెడితేనే కనిపిస్తుంది. అది కూడా ఆఫీసులో కనిపించదు, ఎందుకంటే టవర్ దగ్గర్లో ఉంటే మాడ్యూల్ తక్కువ పవర్‌తో పంపుతుంది, టవర్‌కి దూరంగా ఉన్న పొలంలోనే పూర్తి పవర్‌కి వెళ్తుంది. మాడ్యూల్ పిన్నుల పక్కనే సరైన కెపాసిటర్లు, వెడల్పాటి ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) లేక, ఇంత చిన్న విషయానికి వందల డబ్బాలు వెనక్కి వస్తాయి.

ఇక యాంటెన్నా. బోర్డు మీద బ్రహ్మాండంగా పనిచేసినదాన్ని ఇనుప డబ్బాలో పెట్టి మూత వేస్తే సిగ్నల్ ఎటు పోతుంది? ప్లాస్టిక్ డబ్బా అయినా పక్కన కాంటాక్టర్ (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్), వైర్ల గుత్తి ఉంటే యాంటెన్నా ట్యూనింగ్ పక్కకి జరిగి దెబ్బతింటుంది. అందుకే మ్యాచింగ్ (యాంటెన్నాని సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీకి కుదర్చడం) అనేది అసలు డబ్బాలో, అసలు వైరింగ్‌తో కొలిచి చేయాలి. లోరాకి (తక్కువ పవర్‌తో దూరం వెళ్లే రేడియో పద్ధతి) వాడే 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దాకా చూడ్డానికి నానోవీఎన్ఏ (యాంటెన్నా కుదిరిందో లేదో గ్రాఫ్‌లో చూపే చిన్న పరికరం) ఇప్పుడు కొన్ని వేలకే వస్తుంది, కాబట్టి "మా దగ్గర పరికరాలు లేవు" అనేది పూర్తి కారణం కాదు. ఆ గ్రాఫ్ చూసి ఏం మార్చాలో చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు కారణం, దానికోసం జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోవడం చిన్న కంపెనీకి దండగ.

అపోహ: డబ్బు కట్టాం కాబట్టి డిజైన్ మాదే.

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, గీసిన డ్రాయింగ్ మామూలుగా కంపెనీవి అవుతాయి, బయటి కన్సల్టెంట్ చేస్తే మాత్రం రాతపూర్వకంగా హక్కు బదిలీ చేయించుకోవాలి. అందులోనూ ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. నేపాల్‌కి ఎగుమతి చేద్దామనుకున్నప్పుడు ఇది గుర్తుకొస్తే ఏం లాభం?

కాగితం సంగతి అలా ఉంచితే ఫైళ్లు ఇంకా ముఖ్యం. గెర్బర్ ఫైళ్లు (ఫ్యాక్టరీలో బోర్డు అచ్చు వేయడానికి ఇచ్చే బొమ్మలు) చేతికిచ్చి "అయిపోయింది" అంటారు. వాటితో అదే బోర్డు మళ్లీ తయారుచేయించగలరు, అంతే, అందులో ఒక చిప్ మార్చడం నరకం. 2021లో చిప్‌ల కరువొచ్చి ఎస్‌టీఎం32 లాంటి మామూలు మైక్రోకంట్రోలర్లే దొరకనప్పుడు ఒరిజినల్ స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ), లేఅవుట్ (బోర్డు మీద పార్టుల అమరిక), ఫర్మ్‌వేర్ సోర్స్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాం అసలు కోడ్) చేతిలో ఉన్నవాళ్లు వేరే చిప్‌కి మారారు, లేనివాళ్లు బతిమాలుతూ కూర్చున్నారు. ఆఖరి వాయిదా ఆపి ఉంచండి. మీ కుర్రాడు మీ ల్యాప్‌టాప్‌లో సోర్స్ కంపైల్ చేసి, ఖాళీ బోర్డులోకి ఎక్కించి, మోటారు తిప్పి చూపించాకే ఆ డబ్బు ఇవ్వండి. నాకూ అలాగే ఇవ్వండి, నేనేం అనుకోను.

అపోహ: బయటికి ఇస్తే ఐడియా కొట్టేస్తారు.

ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టకూడదనే ఒప్పందం) చేసుకోండి, తప్పులేదు. కానీ మీ పోటీదారుడు షాపులో మీ డబ్బా కొనుక్కుని స్క్రూడ్రైవర్‌తో విప్పుకోగలడు, నాతో వాడికి పనిలేదు.

అపోహ: మనవాళ్లే చేస్తే ఖర్చు ఉండదు.

జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అనే లెక్క ఇది. బోర్డు ఒక్కసారి తప్పితే పీసీబీ (పార్టులు బిగించే ఖాళీ బోర్డు), పార్టులు, అసెంబ్లీ మళ్లీ మొదలు, ఈలోగా రైతులు స్టార్టర్లు కొనే సీజన్ దాటిపోతుంది. అలాగని కొత్త బీటెక్ కుర్రాళ్లకి చేతకాదని కాదు, నేర్చుకుంటారు, మీ ప్రోడక్ట్ మీద నేర్చుకుంటారు. మీకు ఏటా కొత్త మోడల్ వస్తుంటే ఆ ఖర్చు పెట్టుబడే. ఒకే మోడల్ అయితే కాదు.

ఎవరికివ్వాలో తేలకపోతే ముందు మీ స్కీమాటిక్ రివ్యూ ఒక్కటే డబ్బిచ్చి చేయించుకోండి, దానికయ్యేది పెద్ద మొత్తమేం కాదు. డబ్బా దేనితో చేశారు, ఎక్కడ బిగిస్తారు, ఎర్తింగ్ ఎలా ఉంటుంది అని అడగకుండానే రిపోర్ట్ పంపినవాళ్లకి అసలు పని ఇవ్వకండి.